ఏడో వరుస

ఆలమూరు దాటి గోదారి గట్టు మీద దిగువకి వస్తే, కొబ్బరితోటల మధ్య ఒక పండ్ల పరిశోధన క్షేత్రం ఉంది. గేటు మీద దాని పేరు రాయడానికి రెండు వరుసలు పట్టింది. అంత పేరుతో ఎవరు వేగుతారని చుట్టుపక్కల వాళ్లు దాన్ని జామఫారం అని తేల్చేశారు. లాజరు అక్కడ పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. కాగితాల మీద ఆయన కాంట్రాక్టు కూలీ. ఏటా ఏప్రిల్లో అదే కాగితం మళ్లీ వస్తుంది, తేదీ ఒక్కటే మారుతుంది. నిజానికి ఆయన చేసేది కూలిపని కాదు. పురుగుల్ని పెంచుతాడు.

నమ్మబుద్ధి కాదు గాని ఉన్న మాటే. ఊరంతా పురుగు చావాలని మందు కొడుతుంటే, లాజరు పురుగు బతకాలని సిమెంటు తొట్లలో వంగమొక్కలు వేసి పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోస్తాడు. ఆ పురుగు కంటికి కనబడదు. నులిపురుగంటారు. మట్టిలో ఉండి వేరులో దూరుతుంది. దూరిన చోట వేరు బుడిపె కడుతుంది. గోదారి మధ్య లంకల్లో ఇసుకనేల మీద జామ వేసిన రైతుని ఎవరినడిగినా దీని సంగతి చెబుతాడు, చెప్పేటప్పుడు రెండు బూతులు కూడా కలుపుతాడు. మొదటేడు చెట్టు నిగనిగలాడుతుంది. రెండో ఏడు ఆకు ఎర్రబారుతుంది. మూడో ఏడు పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది, వేళ్లు చూస్తే అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి.

పురుగుకి మందు వెతకడం మానేసి, పురుగుకి లొంగని మొక్కని వెతుకుదామన్న మనిషి అనురాధ గారు. ఆ ఫారంలో సైంటిస్టు. సొంతూరు కొత్తపేటే. ఆవిడ పెట్టుకున్న పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి మాత్రం ఒక ఆయుష్షు చాలదు. పరాయిదేశపు జామ ఒకటుంది. కాయ ఉసిరికాయంత, నోట్లో పెట్టుకోలేనంత పులుపు. కానీ దాని వేరుని నులిపురుగు ముట్టదు. ఆ చెట్టు పుప్పొడి తెచ్చి మన జామపువ్వుకి అద్దాలి. కాయ పండాక గింజలు తీసి మొక్కలు పెంచాలి. అందులో ఏ మొక్కకి తండ్రి వేరు వచ్చిందో, దేనికి తల్లి వేరు వచ్చిందో పైకి చూస్తే తెలియదు. నాలుగు నెలల మొక్క మొదట్లో మూడు చిల్లులు పొడిచి, పురుగులున్న నీళ్లు పోసి, అరవై రోజులు ఆగి, పీకి, వేరు కడిగి చూడాలి. బుడిపెలుంటే పారెయ్యాలి. లేకపోతే దాన్ని అడుగుమొక్కగా పెట్టుకుని, మన తియ్యజామని పైన అంటు కట్టుకోవచ్చు. తొమ్మిదేళ్లలో ఆవిడ నాలుగు వేల మొక్కలకి ఇలా పరీక్ష పెట్టింది. పనికొచ్చే వరుస ఒక్కటీ దొరకలేదు.

ఆ నాలుగు వేల మొక్కల వేళ్లూ కడిగింది లాజరే. అది అందరి వల్లా అయ్యే పని కాదు. కుళాయి కింద పెట్టి రుద్దితే సన్నవేళ్లన్నీ మట్టితో పాటే పోతాయి. ఆయన తొట్టి నిండా నీళ్లు పెట్టి, మొక్కని మెడ దగ్గర పట్టుకుని, పసిబిడ్డకి తల రుద్దినంత నెమ్మదిగా వేళ్ల మధ్య వేళ్లు పోనిచ్చి మట్టి విడదీస్తాడు. పదో తరగతి దాటని మనిషి, భూతద్దం లేకుండానే బుడిపెలు లెక్క చెబుతాడు. అనురాధ గారు మైక్రోస్కోపు కింద చూసి ఒకటో అరో తేడా ఉందంటుంది, మళ్లీ చూస్తే ఆ తేడా ఆవిడదే అవుతుంది.

పురుగునీళ్లు పోసే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే జరిగిన సంగతి అర్థం కాదు. వరుసకి ఒకే కాయ గింజల నుంచి వచ్చిన ఇరవై జామమొక్కలు. వరుస మొదట్లో ఒక టమాటా మొక్క. ముందు టమాటాకి పోస్తారు, తర్వాత జామలకి. టమాటా ఎప్పుడూ ఈ పురుగుకి లొంగిపోతుంది కాబట్టి దాని వేరుకి బుడిపెలొస్తే, ఆ రోజు పోసిన నీళ్లలో పురుగు బతికే ఉందనడానికి అదే సాక్ష్యం. సీసాలో పురుగు అడుక్కి దిగిపోతుంది, ప్రతి మొక్కకీ ముందు సీసా కదపాలి. పొద్దెక్కేకొద్దీ పురుగు నీరసిస్తుంది కాబట్టి ఏ వరుస ఎన్ని గంటలకి మొదలెట్టారో రిజిస్టరులో రాయాలి. ఒక్కో వరుసకి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది.

ఇక లాజరు ఇంటి సంగతి. భార్య జయమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్లి పదకొండేళ్లయింది. కోనసీమలో ఇదేం వింత కాదు, ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు ఆడవాళ్లు అటువైపు ఉంటారు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి, నెలన్నర ఉండి, పచ్చళ్లు కట్టుకుని వెళ్లేది. మిగతా కాపురమంతా ఫోనులోనే. మధ్యాహ్నం ఇంటివాళ్లు పడుకున్నాక చేసి, ముందు కూతురు శారోన్ గురించి అడిగి, తర్వాత మొగుణ్ని ఏడిపించేది. మీ పురుగులు బాగున్నాయా, అన్నం తిన్నాయా అనేది. నిన్నే అడుగుతున్నాయనేవాడు లాజరు. పదకొండేళ్లూ ఆ హాస్యం పాతబడలేదు వాళ్లిద్దరికీ.

పోయిన ఆగస్టు చివర్లో ఒక మంగళవారం, జయమ్మ వంటింట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయిందని కబురొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. అక్కడినుంచి పెట్టె ఇంటికి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఒక కాగితంలో పేరు ఒకలా ఉంది, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. బతికున్న మనిషి ఆ పేరుతోనే పదకొండేళ్లు అటూ ఇటూ తిరిగితే ఒక్కరూ అడ్డం చెప్పలేదు, పోయాక మాత్రం స్పెల్లింగు కుదరలేదు.

ఆ ఇరవై మూడు రోజులూ ఎలా గడిచాయంటే, అసలు గడవలేదు. మనిషి వస్తే గదా భూస్థాపన. భూస్థాపన అయితే గదా మూడోనాటి ప్రార్థన, జ్ఞాపకార్థ కూడిక, బంధువులు వెళ్లడం, ఇల్లు కడుక్కోవడం. ఏదీ మొదలవకుండానే ఇల్లంతా జనం. వదినగారు వండిపెడుతోంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, మనసు కుదుటపడిందా అని అడిగితే లాజరు ఆయ్ అన్నాడు. భోజనం చేశావా అంటే ఆయ్. నిద్ర పట్టిందా అంటే ఆయ్. లోపల ఏమీ లేదు. ఏడవడానికి కూడా మనిషి కళ్లెదుట ఉండాలి గాబోలు అనుకున్నాడు. వదిన ఒకరోజు పప్పులో ఉప్పు మరిచిపోయింది, అందరూ పప్పు చప్పగా ఉందంటే ఆయనకి అప్పుడు తెలిసింది, తిన్నది పప్పని.

అయిదో రోజు సైకిలెక్కి ఫారానికి వెళ్లిపోయాడు. వంగతొట్లకి నీళ్లు లేకపోతే మొక్క ఎండుతుంది, మొక్కతో పాటు పురుగూ పోతుంది. తొమ్మిది కిలోమీటర్ల దూరం, వేరే ఊరు. అక్కడ ఎవరికీ తెలియదు, ఆయనా చెప్పలేదు. చెబితే ఎప్పుడు తెస్తారని అడుగుతారు, ఎక్కడ పెట్టారని అడుగుతారు. అనురాధ గారు మాత్రం ఒంట్లో బాగోలేదా లాజరు గారూ అని ఒకసారి అడిగింది. బాగానే ఉన్నానన్నాడు.

పద్దెనిమిదో రోజు రెండో శనివారం. ఆఫీసుకి సెలవు. వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే ఆటోలతో గట్టు దారంతా నిండిపోయింది, లాజరు సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చాడు. అనురాధ గారు ముందురోజు పురుగుని తీసి, లెక్కపెట్టి, నీళ్లలో కలిపి పెట్టి మీటింగుకని ఊరు వెళ్లింది. తీసిన పురుగుని ఆ మర్నాడే పోసెయ్యాలి. పన్నెండు వరుసలు, ఒక్కడే మనిషి.

ఏడో వరుస మొదలెట్టిన కాసేపటికి ఫోను మోగింది. ఉదయ్ కిరణ్ అని, రాజోలు వైపు మనిషి. మస్కట్‌లో డ్రైవరు పని చేసుకుంటూ, మనవాళ్లకి ఇలాంటిదొస్తే ఆఫీసుల చుట్టూ తిరిగిపెడతాడు. పేరు తేడా వచ్చింది గనక పోయిన మనిషిని సొంతవాళ్లు గుర్తుపట్టి చెప్పాలన్నారట, ఫొటో పంపుతున్నాను చూసి చెప్పండి బాబాయ్ గారూ అన్నాడు. ఫొటో వచ్చింది. లాజరు చూశాడు. అవునని జవాబు పెట్టాడు. మళ్లీ పనిలో పడ్డాడు. ఇదీ ఆయనకి గుర్తున్నది.

అయిదు రోజుల తర్వాత పెట్టె వచ్చింది. ఫారంలోనూ అప్పుడే తెలిసింది, అనురాధ గారు పువ్వులు పట్టుకుని వచ్చి వెనకాల నిలబడింది. మట్టి వేసేటప్పుడు లాజరు కళ్లలో తడి లేదు. జనం ఊరుకుంటారా, రాయి అన్నారు. పదకొండేళ్లు పెళ్లాం లేకుండా అలవాటైన మనిషి, ఇప్పుడు కొత్తగా లోటేముంటుందన్నారు. ఇలాంటి మాటలు అనేవాళ్లకి సాయంత్రానికి గుర్తుండవు, విన్నవాళ్లకి జన్మంతా ఉంటాయి. శారోన్ విన్నది. కొత్తపేటలో స్కూలు టీచరు ఆ పిల్ల, ఇరవై నాలుగేళ్లది. మూడోనాటి ప్రార్థన అయ్యాక తండ్రిని అడిగింది, అమ్మ ఫొటో వచ్చినప్పుడు ఏం చేశావని. దాచుకోవడం తెలియని మనిషి, ఉన్నది చెప్పాడు. ఆవిడే అని పెట్టాను, తర్వాత పని చూసుకున్నాను అన్నాడు. శారోన్ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమేననిపించింది లాజరుకి. జనం అన్నది కూడా నిజమేననిపించింది. ఆ మాట తగిలి నొప్పి పుట్టకపోవడమే రుజువనుకున్నాడు.

నవంబరు మధ్యలో అరవై రోజులు నిండాయి. వేళ్లు కడగడం మొదలెట్టారు. మొదటి ఆరు వరుసలూ మామూలే, ఏదో ఒకటో రెండో మొక్కలకి బుడిపెలు తక్కువ, మిగతావన్నీ గుత్తులు గుత్తులు. ఏడో వరుస టమాటా వేరు నిండా బుడిపెలు. మొదటి జామకి బుడిపెలు. రెండో జామకీ బుడిపెలు. మూడోది కడిగి పైకెత్తితే తెల్లగా, దారాల్లా, ఒక్క ముడి లేకుండా వచ్చింది. నాలుగోది అంతే. అయిదోది అంతే. అనురాధ గారు కుర్చీ వదిలేసి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, తొట్టి పక్కన బురదలో కూలబడింది. ఇరవయ్యో మొక్క వరకూ అదే తీరు. ఇరవైలో పద్దెనిమిది శుభ్రం. తొమ్మిదేళ్లలో ఆవిడ గట్టిగా నవ్వగా లాజరు వినడం అదే మొదలు.

నవ్వడం అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగింది.

“అన్నిటికీ పోశారు కదా లాజరు గారూ?”

“ఆయ్. పోసేనండి.”

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. రెండున్నర నెలలుగా ఏది అడిగినా అదే వస్తోంది.

అక్కడినుంచి ఫారంలో పండగ. ఆ పద్దెనిమిది మొక్కల్నీ మళ్లీ పెద్ద కుండీల్లోకి మార్చారు. పైవాళ్లకి కబురు వెళ్లింది. పైవాళ్లు కారేసుకుని వచ్చి, కుండీల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుని, టిఫిను చేసి వెళ్లారు. వాటి కొమ్మలు కోసి వేళ్లు దించి, వాటి మీద అంటు కట్టి, వానాకాలానికి ముందు లంకల్లో పన్నెండు మంది రైతులకి ఇవ్వాలని నిర్ణయమైంది. అందులో మొదటి పేరు మాణిక్యాలరావు గారిది.

మాణిక్యాలరావుది లంకలో రెండెకరాలు. జామ వేసి, కాపుకొచ్చిన మూడో ఏడు మొత్తం పీకి గట్టు మీద తగలబెట్టిన మనిషి. అప్పటినుంచి వారానికోసారి ఫారానికి వచ్చి, అనురాధ గారితో ఏమండీ మీ పిల్లలెప్పుడు పెద్దవుతారని పరాచికాలాడి వెళ్లేవాడు. తన పేరు మొదటిదని తెలిసి వచ్చిన రోజు మాత్రం పరాచికం లేదు. కుండీల చుట్టూ నెమ్మదిగా తిరిగి, ఒక ఆకు పట్టుకుని, లాజరుతో అన్నాడు.

“చెట్టు పీకేటప్పుడు దానికి పిందెలున్నాయండి. పిందెలతోనే పీకేను. ఇంకోసారి పీకడం నా వల్ల కాదు. ఇవి నిలబడతాయని మీరు చెబితే వేస్తాను. మేడమ్‌గారు చదువుకున్నది చెబుతారు, మీరు చేత్తో చూసింది చెబుతారు.”

లాజరు ఆయ్ అనబోయాడు. ఈసారి రాలేదు. నీళ్లు పెట్టాలని చెప్పి వంగతొట్ల వైపు వెళ్లిపోయాడు.

ఆయన్ని తొలుస్తున్నది మొదటి రెండు మొక్కలు. ఒకే కాయ గింజలైనా మంచి మొక్క, చెడ్డ మొక్క కలగలిసి ఉంటాయి. ఒక తల్లి పిల్లల్లో తెలుపు నలుపు వరసగా పుడతారా? ఈ తొమ్మిదేళ్లలో ఏ వరుసలోనూ చెడ్డవి రెండూ టమాటా పక్కన చేరి, మంచివన్నీ ఆ తర్వాత బారులు తీరడం ఆయన చూడలేదు. వేరుకేం తెలుసు వరుస గురించి? వరుస తెలిసింది పోసిన చేతికే.

ఆ శనివారాన్ని గుర్తు తెచ్చుకోబోయాడు. ఆరో వరుసలో ఒక మొక్క సంచి చిరిగి మట్టి కారుతుంటే పురికొసతో కట్టాడు, అది గుర్తుంది. ఎనిమిదో వరుసలో చీమలు కుట్టాయి, గుర్తుంది. ఏడో వరుసలో టమాటా గుర్తుంది, ఫోను గుర్తుంది. ఆ తర్వాత తెల్లకాగితం. సాయంత్రం సీసాలో మిగిలిన నీళ్లు మరిగించి పారబోశాడు గాని, ఎన్ని మిగిలాయో ఎంత గింజుకున్నా తోచలేదు.

నోరు మూసుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. పన్నెండు తోటలు. మూడేళ్లు. మాణిక్యాలరావు మళ్లీ పిందెలతో పీకుతాడు. నోరు తెరిస్తే అనురాధ గారి తొమ్మిదేళ్ల నవ్వు పోతుంది. పైగా ఏమని తెరవాలి, పోశానో లేదో తెలియదంటే ఎవరు ఒప్పుకుంటారు? రిజిస్టరు చూస్తే అంతా సక్రమంగా ఉంది. ఏడో వరుస పది నలభైకి, ఎనిమిదో వరుస పదకొండూ అయిదుకి. సరిగ్గా ఇరవై అయిదు నిమిషాల తేడా. ఆ మధ్య ఏం జరిగిందో చెప్పగలిగింది ఒక్క ఫోనే. ఉదయ్ కిరణ్ పంపిన ఆ ఫొటో ఉన్న చోటుని లాజరు ఆ రోజు తర్వాత మళ్లీ తెరవలేదు.

ఆదివారం ప్రార్థన అయి గుడినుంచి వచ్చాక, అన్నానికి ముందు, అరుగు మీద కూర్చుని ఫోను శారోన్ చేతికిచ్చాడు. ఆ ఫొటో ఎన్ని గంటలకొచ్చిందో, తను జవాబు ఎన్నింటికి పెట్టాడో చూసి చెప్పమన్నాడు. ఎందుకని అడిగితే ఏడో వరుస సంగతి చెప్పాడు.

శారోన్ ముఖం మాడిపోయింది. “మొక్కల కోసమా నాన్నా, అమ్మ ఫొటో తియ్యమంటున్నావు?”

“ఆయ్,” అన్నాడు లాజరు. తర్వాత, “నాకు చూసే ధైర్యం లేదమ్మా. నువ్వు టైము ఒక్కటే చూడు,” అన్నాడు.

ఆమె కోపంగానే తెరిచింది. ఫొటో మీద బొటనవేలు అడ్డం పెట్టి, క్లాసులో హాజరు చదివినట్టు పైకి చదవడం మొదలెట్టింది. పది నలభై మూడు, ఫొటో. పది నలభై ఆరు, ఉదయ్ కిరణ్, చూశారా అండి. పది యాభై ఒకటి, బాబాయ్ గారూ ఉన్నారా. అక్కడ శారోన్ గొంతు కొంచెం తగ్గింది. పది యాభై అయిదు, తొందరేం లేదండి, నిదానంగా చూసి చెప్పండి. ఆ తర్వాతది చదవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. పది యాభై తొమ్మిది, ఆయ్, ఈవిడే.

శారోన్ ఫొటో మీంచి వేలు తియ్యకుండానే తండ్రి వైపు చూసింది.

“వెంటనే పెట్టేననుకున్నాను,” అన్నాడు లాజరు.

“పదహారు నిమిషాలు నాన్నా,” అంది శారోన్. “పదహారు నిమిషాలు నువ్వు అమ్మని చూస్తూ కూర్చున్నావు.”

లాజరు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. పది నలభైకి మొదలు. నలభై మూడు దాకా టమాటా ఒకటి, జామలు రెండు. యాభై తొమ్మిది దాకా చేతిలో ఫోను. ఆరు నిమిషాల తర్వాత ఎనిమిదో వరుస. పోసిన రెండింటికీ బుడిపెలొచ్చాయి, పద్దెనిమిదింటికి రాలేదు. ఎందుకొస్తాయి? వాటి మొదట్లో ఒక్క చుక్క పడితే గదా.

“పోయలేదమ్మా,” అన్నాడు. “నేను పోయలేదు.”

ఆ మాటతో తొమ్మిదేళ్ల పని కూలిపోయిందని ఆయనకి తెలుసు. అయినా ఎందుకో ఒళ్లంతా వేడెక్కింది. ఆ శనివారం తను రాయిలా పని చేసుకోలేదు. చేతిలో సీసా ఉందని, ఎదురుగా మొక్కలున్నాయని మరిచి కూర్చున్నాడు. సిగ్గుపడాల్సిన తప్పే, కానీ ఆయనకి సిగ్గు కలగలేదు. శారోన్ ఫోను పక్కన పెట్టి, తండ్రి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. అన్నం చల్లారిపోయేదాకా ఇద్దరూ అరుగు మీదే ఉన్నారు.

సోమవారం పొద్దున్న అనురాధ గారు వచ్చేసరికి లాజరు ఆవిడ గది గుమ్మం దగ్గర రిజిస్టరుతో నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడో వరుసలో టమాటాకి, రెండు మొక్కలకి పోసేనండి, మిగతా పద్దెనిమిదింటికి పోయలేదండి అని చెప్పేశాడు. ఆవిడ ముందు వినబడనట్టు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

“ఖచ్చితంగా తెలుసా?”

లాజరు ఫోను బల్ల మీద పెట్టాడు. అనురాధ గారు ఫొటో చూసింది. కింద టైములు చూసింది. రిజిస్టరులో టైములు చూసింది. మళ్లీ ఫొటో పైన తేదీ చూసింది, అక్కడ ఆగిపోయింది. పెట్టె రావడానికి ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే ఆయనకి కబురు తెలిసిందని ఆవిడ ఇన్నాళ్లూ అనుకుంటోంది. అంతకు ముందు ఎన్నో రోజులు ఈ మనిషి తన ఎదురుగా తిరుగుతూ, ఒంట్లో బాగానే ఉందని చెప్పాడు. తను అది నమ్మి, పురుగుల లెక్క మాట్లాడింది.

కేకలు వేస్తుందనుకున్నాడు లాజరు. ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. మాణిక్యాలరావుకి ఫోను చేసి కొమ్మలు ఇప్పుడు కొయ్యడం లేదని, ఒక పొరపాటు జరిగిందని, అది తన పొరపాటని చెప్పింది. ముందే చెప్పేరు, అదే పదివేలండి అన్నాడట ఆయన. తర్వాత పైవాళ్లకి ఉత్తరం రాయాలి. అది ఇంత తేలిగ్గా పోదని ఇద్దరికీ తెలుసు.

ఆ పద్దెనిమిదింటికీ ఈ వారమే పురుగునీళ్లు పోద్దామంది ఆవిడ. అందులో ఒకటైనా నిలబడుతుందో, ఒకటీ నిలబడదో తెలియాలంటే మళ్లీ అరవై రోజులు. పొయ్యడానికి వేరే మనిషిని పెట్టుకోమన్నాడు లాజరు. ఆవిడ ఆ మాట విననట్టే రిజిస్టరు దగ్గరకి లాక్కుంది. ఏడో వరుస ఎదురుగా ఎర్రపెన్నుతో గీత గీసి, మూడో మొక్క నుంచి పోయలేదు అని రాసింది. పక్కన ఇంకో గడి ఉంది, కారణం అని. పెన్ను దాని మీద ఆగింది.

“ఫోను వచ్చింది అని రాస్తాను లాజరు గారూ. చాలు.”

“అలాగొద్దండి,” అన్నాడు లాజరు. ఇన్ని నెలల్లో ఆయన ఎవరి మాటకైనా వద్దనడం అదే మొదలు. “జయమ్మ చనిపోయింది అని రాయండి, మేడమ్‌గారూ. పేరుతోనే రాయండి.”

మస్కట్ నుంచి వచ్చిన కాగితాలన్నీ అరబ్బీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. సమాధి మీద ఇంకా రాయి పెట్టలేదు. అనురాధ గారు ఆ చిన్న గడిలో పట్టేలా, గుండ్రటి తెలుగు అక్షరాలతో నెమ్మదిగా రాసింది. లాజరు బల్ల మీదికి వంగి, రాసినంతసేపూ చూశాడు, రాయడం అయ్యాక ఒకసారి పైకి చదివాడు. అప్పుడు ఏడ్చాడు.